కిడ్నీ దురద

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఒంటి మీద దద్దు, పొక్కు ఏదీ లేకుండానే పుట్టే విడవని దురద. వైద్యులు యురీమిక్ ప్రురైటస్ అంటారు. వీపు మీద ఎక్కువ, చాలామందిలో శరీరానికి రెండు పక్కలా వస్తుంది, రాత్రయితే ముదురుతుంది. చర్మం మీద కనబడేవి గోళ్ల గీతలు మాత్రమే, అవీ గోక్కున్నాక పడ్డవే. దాంతో ఇది చర్మానిదా, రక్తానిదా, మనసు పుట్టించినదా అన్న తగవు దశాబ్దాల పాటు సాగింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ తగవును గమనించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. పలాస, కాశీబుగ్గల్లో దురద అనగానే గుర్తొచ్చేది జీడి. పిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు దానివల్ల నల్లబడి తోలు ఊడతాయి. అమెరికాలో పాయిజన్ ఐవీ అనే తీగలోని ఉరుషియోల్‌కు ఈ పదార్థాలు దగ్గరి చుట్టాలు. జీడి, మామిడి, ఆ తీగ ఒకే కుటుంబానికి చెందినవి. జీడి దురద మనసులో పుట్టిందని ఎవరూ అనరు, చేతులు చూస్తే చాలు. అదే ఊళ్లో డయాలసిస్ మంచం మీది మనిషికి చూపించడానికి ఏమీ ఉండదు.

ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో 1990ల నుంచి బయటపడుతూ వచ్చిన కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివారికీ వస్తుంది. 2019, 2020లలో వెలువడిన రెండు సర్వేలు పెద్దవారిలో సుమారు అయిదుగురికి ఒకరు దీని బారిన పడ్డారని చూపాయి. నీరు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, నొప్పి మాత్రలు... కారణంగా ఎన్నింటి పేర్లో వినిపించాయి, ఏదీ తేలలేదు.

దురదను గోక్కోవాలనిపించే బాధగా నిర్వచించినవాడు జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్, 1660లో. ఆ తర్వాత చాలాకాలం దాన్ని చిన్నపాటి నొప్పిగానే లెక్కగట్టారు. కిడ్నీ దురద దీర్ఘకాల సమస్య కావడం 1960 తర్వాతి మాట. ఆ ఏడు సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ కనిపెట్టిన, రక్తనాళాల్లో అమర్చే గొట్టంతో డయాలసిస్ మీద ఏళ్ల తరబడి బతకడం సాధ్యమైంది, దురదతో ఏళ్ల తరబడి బతకడం కూడా. పారాథైరాయిడ్ గ్రంథులు తీసేస్తే కొందరికి తగ్గిందని 1968లో, అతినీలలోహిత కాంతితో తగ్గిందని 1977లో ప్రకటించారు. అందరికీ పనిచేసింది ఒక్కటీ లేదు. అలర్జీ మాత్ర వేస్తే మత్తు వచ్చేది, దురద మాత్రం చాలామందిలో అలాగే ఉండేది. మందుకు లొంగని బాధను నరాల బలహీనతకో బెంగకో అంటగట్టడం వైద్యంలో పాత అలవాటే.

మనసు వాదానికి పునాది లేకపోలేదు. లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నాయని గట్టిగా నమ్మే రోగులను స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఎక్‌బోమ్ 1938లో వర్ణించాడు. 2002లో అమెరికాలో మేరీ లేటావో అనే తల్లి, బిడ్డ పుండ్లలో పోగులు కనిపించాయంటూ ఆ స్థితికి మోర్గెలాన్స్ అని పేరు పెట్టింది. వేలమంది తమదీ అదేనన్నారు. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 115 మందిని పరిశీలించి, ఆ పోగుల్లో ఎక్కువ భాగం నూలువేనని, అంటువ్యాధి జాడ లేదని 2012లో తేల్చింది. అయినా బాధితులు ఒప్పుకోలేదు. ఆ తీర్పును తెచ్చి కిడ్నీ రోగికి అతికించడం మాత్రం తప్పు.

ఎందుకు తప్పో చెప్పడానికి దూలగొండి సాయపడింది. దాని కాయ నూగు తగిలితే ఏమవుతుందో పల్లెలో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. ఆ దురద అలర్జీ మాత్రలు అడ్డుకునే హిస్టమిన్ దారిన రాదనీ, నూగులోని ఒక ఎంజైము పని అనీ 1955లో వాల్టర్ షెల్లీ, రాబర్ట్ ఆర్థర్ చూపారు. 2008లో వేమూరి బి. రెడ్డి, ఈథన్ లెర్నర్ బృందం ఆ ఎంజైము నరాల మీది ఏ గ్రాహకాలను తట్టుతుందో పట్టుకుంది. అంతకుముందే, 1997లో, దురదకు ప్రత్యేక నరపు పోగులున్నాయని జర్మనీలో తేలింది. 2007లో ఎలుకల వెన్నుపాములో దురదకు సంబంధించిన ఒక జన్యువు దొరికింది. అంటే అలర్జీ మాత్రకు తగ్గనిది కూడా ఒంట్లోంచి పుట్టవచ్చు. చర్మం మీద గుర్తు వదలకపోవడం ఏ వైపుకూ సాక్ష్యం కాదు.

ఓపియాయిడ్ గ్రాహకాల మీద పనిచేసే నల్ఫురాఫిన్‌ను జపాన్ 2009లో, డైఫెలికెఫాలిన్‌ను అమెరికా 2021లో ఈ దురదకే ఆమోదించాయి. కొత్త కిడ్నీ అమర్చి అది పనిచేయడం మొదలైతే చాలామందిలో దురద పోతుంది. మనసుకు ఇందులో పాత్రే లేదనడం కూడా అతి. 12 దేశాల్లో 18 వేలకు పైగా డయాలసిస్ రోగులను చూసిన 2006 నాటి అధ్యయనంలో 42 శాతం మందికి ఓ మోస్తరు నుంచి భరించలేనంత దురద ఉంది; వారిలో నిద్రలేమి, కుంగుబాటు ఎక్కువ. రాత్రంతా గోక్కునే మనిషి కుంగడంలో వింత లేదు.

టెక్కలి, పలాస, సోంపేటల్లో డయాలసిస్ యూనిట్లు నడుస్తున్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది. కిడ్నీల పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ అంటే ఉద్దానంలో చదువు రానివారికి సైతం తెలుసు. దురదకు అలాంటి అంకె లేదు, రోగి నోటితో చెబితేనే లెక్కలోకి వస్తుంది. పలు దేశాల డయాలసిస్ కేంద్రాల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, దురద దాదాపు ఎప్పుడూ వేధిస్తోందన్న రోగుల్లో 17 శాతం మంది ఆ మాట వైద్య సిబ్బందిలో ఎవరికీ చెప్పలేదు.