ఉమ్మడి వంతు నుంచి కౌలుహక్కు దాకా: ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో స్పెక్ట్రం పంపక చరిత్ర

వ్యాస సంగ్రహం:
మొబైల్ సంస్థలు రేడియో తరంగాలను పంచుకోవడానికి సంబంధించిన నిబంధనలు 1995 నుంచి ఎలా మారుతూ వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లోని రెండు ఘట్టాల ఆధారంగా, పంపకానికి అమ్మకం, కౌలు తోడైన క్రమాన్ని వివరిస్తుంది. ఈ మార్పులో పటాన్‌చెరు ప్రాంతపు చిన్న పరిశ్రమకు దక్కిన చోటు ఏది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: స్పెక్ట్రం, ఉమ్మడి ఆస్తి, సర్కిల్, కౌలు, పటాన్‌చెరు, నక్కవాగు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ గ్రామాలలో చెరువు నీటికి ఒక కట్టుబాటు ఉండేది. తూము ఎవరి పొలం పక్కన ఉన్నా నీరు ఆయకట్టు మొత్తానిది. వంతుల ప్రకారం పారించే బాధ్యత నీరటికాడిది. బంచరాయి, శిఖం వంటి రెవెన్యూ పదాలు కూడా ఉమ్మడి వనరులకు సంబంధించినవే. రేడియో తరంగాల విషయంలో ఇటువంటి దేశీయ పదజాలం ఏర్పడలేదు. పత్రికలు ‘స్పెక్ట్రం’ అనే మాటనే స్థిరపరిచాయి. అయినా హక్కు ఎవరిది, వంతు ఎంత అనే పాత ప్రశ్నలే ఇక్కడా ఎదురవుతాయి.

నీటికీ తరంగానికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. వాడిన నీరు తరుగుతుంది. తరంగం తరగదు; కాని వాడకుండా వదిలిన క్షణపు ప్రయోజనం తిరిగిరాదు. అలాగని ఒకేచోట, ఒకే పౌనఃపున్యంలో ఇద్దరు అదుపు లేకుండా ప్రసారం చేస్తే ఇద్దరి సంకేతాలూ చెడిపోతాయి. కనుక ఇక్కడ వృథా, కలుషితం రెండింటినీ నివారించే కట్టుబాటు అవసరం.

2. యజమాని ఎవరు?

1995 ఫిబ్రవరి 9న బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ముగ్గురు సభ్యుల ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ప్రత్యేక తీర్పు రాస్తూ ఈ సూత్రాన్నే బలపరిచారు. 2012 ఫిబ్రవరి 2న 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసిన తీర్పు కూడా సహజ వనరులు ప్రజలవనే భావన మీదే నిలిచింది. యజమాని ప్రజలని తేలింది. వాడుకలో వారి వంతు ఎలా నిర్ణయించాలన్నది తేలలేదు.

3. ఆంధ్రప్రదేశ్ సర్కిల్: రెండు ఘట్టాలు

దేశం 22 టెలికాం సేవాప్రాంతాలుగా విభజితమైంది. 2014లో రాష్ట్రం రెండైనా స్పెక్ట్రం కేటాయింపులో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒకటిగానే మిగిలింది. అందువల్ల 2016లో ఏర్పడిన సంగారెడ్డి జిల్లా పైని తరంగాలు నేటికీ ‘ఆంధ్రప్రదేశ్’ పేరిటే వేలానికి వస్తున్నాయి.

మొదటి ఘట్టం 2010 నాటి 3జీ వేలం. ఈ సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్ గెలిచాయి. వొడాఫోన్‌కు 3జీ స్పెక్ట్రం దక్కలేదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా సంస్థలు తమకు స్పెక్ట్రం లేని సర్కిళ్లలో పరస్పర రోమింగ్ ఒప్పందాలతో 3జీ సేవలు అందించదలచాయి. 2011 డిసెంబరులో టెలికాం శాఖ వీటిని ఆపమంది. 2014 ఏప్రిల్ 29న టెలికాం వివాదాల ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

2015 సెప్టెంబరు 24న స్పెక్ట్రం ఉమ్మడి వినియోగ మార్గదర్శకాలు వచ్చాయి. ఒకే సర్కిల్‌లో, ఒకే బ్యాండులో ఇద్దరికీ స్పెక్ట్రం ఉంటేనే పంపకం చెల్లుతుంది. కౌలుకు అనుమతి లేదు. పంచుకున్నవారి వినియోగ రుసుము సవరించిన స్థూలాదాయంలో 0.5 శాతం పెరుగుతుంది. అంటే చేతిలో ఏమీ లేనివారికి పంపకంలో చోటు లేదు. అదే ఏడాది అక్టోబరులో స్పెక్ట్రం హక్కుల క్రయవిక్రయాలకూ దారి తెరిచారు.

రెండవ ఘట్టం ఆ దారిలోనే నడిచింది. 2021 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఎయిర్‌టెల్ ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, ముంబై సర్కిళ్లలోని 800 మెగాహెర్ట్జ్ బ్యాండు హక్కులను జియోకు బదలాయించింది. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా 3.75 మెగాహెర్ట్జ్. తక్కువ పౌనఃపున్యం దూరం పోతుంది, గోడలను దాటుతుంది. ఆ బ్యాండుకు విలువ అందుకే. 2021 సెప్టెంబరు సంస్కరణలు పంపకంపై 0.5 శాతం అదనపు భారాన్ని తొలగించాయి.

4. పటాన్‌చెరు ప్రశ్న

2022 జూన్‌లో కర్మాగారాల సొంత నెట్‌వర్కులకు మార్గదర్శకాలు వెలువడ్డాయి. టెలికాం సంస్థ నుంచి స్పెక్ట్రాన్ని కౌలుకు తీసుకోవడం, ప్రభుత్వం నుంచి నేరుగా పొందడం అందులోని మార్గాలలో రెండు. 2015లో నిషిద్ధమైన కౌలు ఈ విధంగా ప్రవేశించింది. నేరు కేటాయింపుకోసం జరిపిన గిరాకీ అధ్యయనంలో రూ. 100 కోట్లకు మించిన నికర విలువ గల సంస్థలకే చోటిచ్చారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వాడల్లోని చిన్న యూనిట్ల అవసరం ఆ గిరాకీ లెక్కలోకే రాదు. దేశీయ 5జీ పరీక్షావేదిక నిర్మాణంలో భాగస్వామి అయిన ఐఐటీ హైదరాబాద్ ఇదే జిల్లాలోని కందిలో ఉండడం గమనార్హం.

ఉమ్మడి వనరు కట్టు తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు ద్వారా మంజీరను చేరాయి; 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. వాగు అందరిదీ కాబట్టి ఎవరిదీ కాకుండా పోయింది. స్పెక్ట్రానికి ఎదురైన ప్రమాదం దీనికి తలకిందులు: అందరిదీ అయినది కొందరిదిగా మిగలడం.

5. ముగింపు

1. నిబంధనలు పంపకంతో ఆగక అమ్మకాన్ని, ఆపై కౌలును అనుమతించాయి. ప్రతి దశలోనూ నిర్ణేతలు ప్రభుత్వం, హక్కుదారులే.
2. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వాడని స్పెక్ట్రాన్ని వెనక్కి తీసుకోవడానికీ, ఒకరికిచ్చిన దానిని మరొకరికి ద్వితీయ కేటాయింపుగా ఇవ్వడానికీ వీలు కల్పించింది. నీరటికాడి పాత్ర చట్టంలోకి వచ్చినట్లే.
3. ఆ పాత్ర సార్థకం కావాలంటే వంతు లెక్క సర్కిల్ స్థాయిలో ఆగకూడదు. పారిశ్రామికవాడ స్థాయికి దిగాలి. 1995 తీర్పు చెప్పిన ప్రజల్లో పాశమైలారంలోని చిన్న యూనిట్ల కార్మికులూ ఉన్నారు.