షంషాబాద్ కార్గో నుంచి గుండె స్కాన్ దాకా: హెచ్‌ఐవీ మందుల అసలు కథ

వెనకాల మోత వినిపిస్తోంది కదా, ఫ్లైట్ లేచింది. ఇవాళ షంషాబాద్‌లో, ఎయిర్‌పోర్ట్ దగ్గర్నుంచే మాట్లాడుతున్నా. మనకి ఈ ఎయిర్‌పోర్ట్ అంటే అమెరికా వెళ్లే ఫ్రెండ్‌కి సెండాఫ్, ఓ సెల్ఫీ, అంతే. కానీ అటు కార్గో వైపు ఇంకో కథ ఉంది. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు మొదలయ్యాయి. కార్గో టెర్మినల్‌లో మందుల కోసమే ప్రత్యేకంగా ఫార్మా జోన్ ఉంది. హైదరాబాద్‌లో తయారయ్యే మందుల్లో హెచ్‌ఐవీ మందులు చాలా ముఖ్యమైనవి. అవి ఇక్కడికెలా వచ్చాయి, వాటితో బతికిన మనిషి గుండెకి ఏమైంది, ఇదీ ఇవాళ్టి ఎపిసోడ్.

1987లో అమెరికాలో ఏజెడ్‌టీ అనే మొదటి హెచ్‌ఐవీ మందుకి అనుమతి వచ్చింది. ధర ఏడాదికి వేల డాలర్లలో. అప్పుడు మన తార్నాకలోని ఐఐసీటీకి డైరెక్టర్ ఎ.వి. రామారావు గారు. గుంటూరు ఆయన. ఆ మందుని తయారు చేసే పద్ధతిని ఇక్కడి ల్యాబ్‌లోనే డెవలప్ చేయించి, సిప్లా అధిపతి యూసఫ్ హమీద్‌కి ఇచ్చారు. 1993లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇది కాపీ కాదా అని అడుగుతారేమో. 1970 నాటి మన పేటెంట్ చట్టం ప్రకారం మందు మీద పేటెంట్ ఉండదు, దాన్ని తయారు చేసే పద్ధతి మీదే ఉంటుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ అదే, కోడ్ మాత్రం సొంతంగా రాసుకోవాలి. 2005లో ఆ చట్టం మారింది.

ఒక్క మందుకి వైరస్ లొంగదు, రూపం మార్చుకుంటుంది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. అక్కడ ఏడాదికి 10 వేల డాలర్లు దాటే ఆ వైద్యాన్ని 2001లో సిప్లా 350 డాలర్లకే ఇస్తామంది. అంటే రోజుకి డాలర్ కూడా కాదు! 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కేసులు ఇక్కడ అంత ఎక్కువగా ఉండేవి మరి. 2017కి వచ్చేసరికి రోజుకి ఒకే మాత్రగా వేసుకునే కొత్త కాంబినేషన్‌ని పేద దేశాలకి ఏడాదికి దాదాపు 75 డాలర్లకే ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. అందులో తయారీదారులు మన అరబిందో, ఇంకా మైలాన్. ఆ మైలాన్ మన దేశంలో అడుగుపెట్టింది కూడా హైదరాబాద్ మ్యాట్రిక్స్ కంపెనీని కొనే.

సరే, మనిషి బతికాడు. నలభై దాటాడు, యాభై దాటాడు. అప్పుడు గుండెపోట్లు కనిపించడం మొదలైంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ఆ ముప్పు మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపు. తప్పు మందులదే అనుకున్నారు. కొంత నిజమే, పాత మందుల్లో కొన్ని కొలెస్ట్రాల్ పెంచేవి, ముఖంలో కొవ్వు కరిగించేసేవి. అయితే మధ్యమధ్యలో మందు ఆపి చూద్దామా అని 5,472 మందితో స్మార్ట్ అనే ట్రయల్ చేశారు. 2006లో ఫలితం వచ్చింది. మందు ఆపినవాళ్లే ఎక్కువమంది చనిపోయారు, వాళ్లకే గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు ఎక్కువయ్యాయి. నాకు ఈ మొత్తం కథలో బాగా షాకిచ్చింది ఇదే.

మరి దోషి ఎవరు? ఇక్కడే స్కాన్ రంగంలోకి దిగింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో స్టీవెన్ గ్రిన్‌స్పూన్ టీమ్ 2012లో ఒక పని చేసింది. రేడియోధార్మికత కలిపిన చక్కెర లాంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీశారు. వాపు ఉన్నచోట కణాలు చక్కెరని ఎక్కువ లాగేసుకుంటాయి, స్కాన్‌లో మెరుస్తాయి. వైరస్ అదుపులో ఉండి, గుండె జబ్బు ఏమీ లేదన్న హెచ్‌ఐవీ పేషెంట్ల రక్తనాళాలు కూడా, ఆల్రెడీ గుండె జబ్బు ఉన్నవాళ్ల నాళాల్లాగే మెరిశాయి. అంటే వైరస్ అణిగినా లోపల నిప్పు ఆరలేదు. వయసు, బీపీ, కొలెస్ట్రాల్ కొడితే రిస్క్ లెక్కేసే కాలిక్యులేటర్‌కి ఈ నిప్పు కనపడదు. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ వాణ్ణి, కానీ ఇన్‌పుట్‌లో లేనిది అవుట్‌పుట్‌లో రాదని మాత్రం తెలుసు.

తర్వాత అదే గ్రిన్‌స్పూన్ నడిపించిన రిప్రీవ్ ట్రయల్. 12 దేశాలు, మన దేశం కూడా ఉంది. 40 నుంచి 75 ఏళ్ల వాళ్లు 7,769 మంది, కాలిక్యులేటర్ ప్రకారం రిస్క్ పెద్దగా లేనివాళ్లే. కొందరికి సీటీ స్కాన్ తీస్తే దాదాపు సగం మంది గుండె నాళాల్లో అప్పటికే పూడిక! ట్రయల్‌లో సగం మందికి రోజూ 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. ఆ స్టాటినే ఎందుకంటే, అది హెచ్‌ఐవీ మందులతో గొడవ పెట్టుకోదు. 2023లో ట్రయల్‌ని ముందే ఆపేశారు, ఎందుకంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ ఒక్కటే తగ్గితే అంత లాభం రాదని లెక్క. తర్వాత తీసిన సీటీల్లో మెత్తటి పూడిక కూడా తగ్గినట్టు కనపడింది. 2024లో అమెరికా గైడ్‌లైన్స్ మారాయి.

స్టాటిన్లు మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికే మందులే, చాలావరకు జనరిక్సే. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఎవరైనా ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్తుంటే, వయసు 40 దాటితే, ఈసారి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగమనండి: "డాక్టర్ గారూ, నాకు స్టాటిన్ అవసరమా?" సొంతంగా కొని మాత్రం వేసుకోవద్దు. కామెంట్లలో పేర్లు, వివరాలు పెట్టకండి ప్లీజ్, ఎవరి విషయం వాళ్లది. ఇదిగో, ఇంకో ఫ్లైట్ లేస్తోంది, మైక్‌లో ఏమీ వినపడదు. ఉంటా మరి.