విదేశాల్లోని అమెరికా సైనిక కుటుంబాలు: ప్రత్యేక అవసరాలు గల సభ్యులకు సహాయ సేవలు

అమెరికా సాయుధ దళాల్లో పనిచేసేవారికి కొన్నేళ్లకొకసారి బదిలీ తప్పదు. జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా, ఇటలీ వంటి దేశాల్లోని స్థావరాలకు నియమితులైన వారిలో అనేకులు కుటుంబాన్ని వెంట తీసుకువెళతారు. కుటుంబంలో వైకల్యం, ఆటిజం, దీర్ఘకాలిక వ్యాధి లేదా అభ్యసన సమస్య గల సభ్యులున్నప్పుడు ఈ బదిలీ క్లిష్టమవుతుంది. స్వదేశంలో రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక పాఠశాలలు అందించే సేవలు విదేశాలకు వెంటరావు. ఈ లోటును పూరించడానికి అమెరికా రక్షణ శాఖ ‘ఎక్సెప్షనల్ ఫ్యామిలీ మెంబర్ ప్రోగ్రాం’ (ఈఎఫ్‌ఎంపీ)ను అమలు చేస్తున్నది.

నమోదు తప్పనిసరి

ఈ కార్యక్రమాన్ని తొలుత పదాతి దళం 1979లో ప్రారంభించగా, అనంతరం ఇతర దళాలు అనుసరించాయి. గుర్తింపు–నమోదు, బదిలీల సమన్వయం, కుటుంబ సహాయం అనేవి దీనిలోని మూడు ప్రధాన అంగాలు. పూర్తికాలిక సేవలో ఉన్నవారు ప్రత్యేక అవసరాలు గల కుటుంబ సభ్యుల వివరాలను విధిగా నమోదు చేయించాలి. వైద్య అవసరాలను డీడీ 2792 ఫారంలోను, విద్యా అవసరాలను డీడీ 2792-1 ఫారంలోను పొందుపరుస్తారు. నమోదు వల్ల పదోన్నతికి భంగం కలుగుతుందన్న భయం సైనికుల్లో చాలాకాలంగా ఉన్నది. పదోన్నతి నిర్ణయాలలో ఈ అంశాన్ని పరిగణించరాదన్నది అధికారిక విధానం.

బదిలీకి ముందే పరిశీలన

విదేశీ నియామకానికి ముందు కుటుంబ సభ్యులందరి వైద్య, విద్యా అవసరాలను పరిశీలిస్తారు. అవసరమైన నిపుణులు, చికిత్స, పాఠశాల సేవలు ఆ స్థావరంలో లభిస్తాయో లేదో నిర్ధారించిన పిమ్మటనే కుటుంబ ప్రయాణానికి అనుమతి ఇస్తారు. సేవలు లభించని పక్షంలో నియామకాన్ని మార్చవచ్చు, లేదా సైనికుడు ఒంటరిగా వెళ్లవలసి రావచ్చు. వివరాలు దాచి వెళ్లిన కుటుంబాలు చేరిన తరువాత చికిత్స దొరకక, గడువుకు ముందే స్వదేశానికి తిరిగి రావలసిన పరిస్థితి ఏర్పడుతుంది.

కుటుంబం వెంట ఉండేందుకు లభించే అధికారిక అనుమతిని ‘కమాండ్ స్పాన్సర్‌షిప్’ అంటారు. రక్షణ శాఖ పాఠశాలల్లో ఉచిత ప్రవేశం ఈ అనుమతిపైనే ఆధారపడుతుంది. అనుమతి లేని కుటుంబాల పిల్లలకు ఖాళీలున్నప్పుడే ప్రవేశం లభిస్తుంది.

విద్యా సేవలు

రక్షణ శాఖ విద్యా విభాగం (డీఓడీఈఏ) 11 విదేశాల్లోను, అమెరికాలోని కొన్ని ప్రాంతాల్లోను కలిపి సుమారు 160 పాఠశాలలు నిర్వహిస్తున్నది. వైకల్యం గల విద్యార్థుల హక్కులకు సంబంధించిన అమెరికా చట్టంలోని ప్రధాన రక్షణలు విదేశాల్లోని ఈ పాఠశాలలకు కూడా వర్తిస్తాయి. తదనుగుణంగా 3 నుంచి 21 ఏళ్ల వయసు గల అర్హులైన ప్రతి విద్యార్థికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రూపొందిస్తారు.

మూడేళ్లలోపు శిశువులకు సైనిక వైద్య విభాగాల ఆధ్వర్యంలోని ‘ఎడిస్’ కేంద్రాలు తొలిదశ తోడ్పాటు సేవలను అందిస్తాయి. సిబ్బంది ఇంటికే వెళ్లి మాట, నడక, ఆటపాటల్లో శిశువుకు తోడ్పడే పద్ధతులను తల్లిదండ్రులకు నేర్పుతారు. బడి ఈడు పిల్లలకు ఫిజియోథెరపీ వంటి సేవలను కూడా విదేశాల్లో ఈ కేంద్రాలే సమకూరుస్తాయి. రక్షణ శాఖ పాఠశాల లేని ప్రాంతాల్లో, ఇతర పాఠశాలల్లో చదివే అర్హులైన పిల్లల ఖర్చును ప్రత్యేక పథకం కింద భరిస్తారు.

వైద్యం, ఇంటివద్ద సంరక్షణ

సైనిక కుటుంబాల ఆరోగ్య పథకమైన ‘ట్రైకేర్’కు అనుబంధంగా 2005లో ‘ఎకో’ పథకం అమలులోకి వచ్చింది. తీవ్ర వైకల్యం గలవారికి ప్రధాన పథకం పరిధిలోకి రాని సేవలు, పరికరాలు దీని ద్వారా లభిస్తాయి. అయితే, ఇంటివద్ద వైద్య సంరక్షణ, సంరక్షకులకు విరామం కల్పించే సేవ ఈ పథకం కింద అమెరికాలోను, దాని అధీనంలోని కొన్ని ప్రాంతాల్లోను మాత్రమే లభిస్తాయి. బంధువుల అండకు దూరంగా ఉన్న కుటుంబానికి ఇది పెద్ద కొరత.

తిరిగి స్వదేశం చేరిన తరువాత మరొక సమస్య ఎదురవుతుంది. మెడికెయిడ్ పథకం కింద వికలాంగులకిచ్చే ప్రత్యేక సేవలను ఒక్కొక్క రాష్ట్రం విడిగా నిర్వహిస్తున్నందున, అనేక రాష్ట్రాల్లో నిరీక్షణ జాబితా దీర్ఘంగా ఉంటుంది. రాష్ట్రం మారిన కుటుంబం తరచుగా జాబితా చివరి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

లోపాలు, సవరణలు

దళానికొక విధానం ఉండటం ఈ కార్యక్రమంపై ప్రధాన విమర్శ. 2010 ఆర్థిక సంవత్సరపు రక్షణ అధికార చట్టం ద్వారా అన్ని దళాల విధానాలను సమన్వయపరిచే ప్రత్యేక కార్యాలయం ఏర్పాటైంది. అయినప్పటికీ, నమోదైన కుటుంబాల సంఖ్యతో పోలిస్తే సేవా ప్రణాళికలు చాలా తక్కువగా ఉన్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018 నివేదికలో ఎత్తిచూపింది. అప్పటికి నమోదైన కుటుంబ సభ్యులు 1,30,000కు పైగా ఉన్నారు.

2023 జూన్‌లో రక్షణ శాఖ సవరించిన మార్గదర్శకాలను జారీ చేసింది. నమోదు, బదిలీ, కార్యక్రమం నుంచి తొలగింపు ప్రక్రియలను అన్ని దళాలకు ఏకరీతిగా నిర్దేశించింది. సంరక్షకులకు విరామం కల్పించే సేవను అర్హులైన కుటుంబాలకు నెలకు 32 గంటల వరకు పెంచింది.

సమాచార సౌకర్యం

‘మిలిటరీ వన్‌సోర్స్’ ద్వారా ప్రత్యేక అవసరాల సలహాదారులు కుటుంబాలకు ఉచితంగా మార్గదర్శనం చేస్తున్నారు. 2020లో ప్రారంభమైన ‘ఈఎఫ్‌ఎంపీ అండ్ మీ’ ఆన్‌లైన్ సాధనం బదిలీకి ముందు, తరువాత చేపట్టవలసిన పనుల జాబితాను అందిస్తుంది. బదిలీ ఉత్తర్వు అందిన వెంటనే వైద్య, విద్యా పత్రాలను తాజాపరచుకుని, వాటి ప్రతులను వెంట ఉంచుకోవడం కుటుంబాలకు శ్రేయస్కరం.