నల్లగొండ జాబులు

మిషనరీల చరిత్రను వారి వార్షిక నివేదికలనుబట్టి వ్రాయుట సులభము. బాప్తిస్మములెన్ని, బడులెన్ని, ఖర్చయిన రూపాయలెన్ని అను లెక్కలు వానియందు వరుసగా నుండును. కాని నివేదిక ధనమిచ్చువారి కొరకు వ్రాయబడునది. అలసట, తగవు, సందేహము దానికెక్కవు. తల్లికి వ్రాసిన జాబులోనో, దినచర్య పుస్తకములోనో, ఇంటి ఖర్చుల చిట్టాలోనో వానిని వెదకవలెను. మెన్నొనైటు క్రైస్తవుల అట్టి కాగితములలో కొంత భాగము మన తెలంగాణమునకు సంబంధించినది.

మెన్నొనైటులు 16వ శతాబ్దిలో ఐరోపాలో పుట్టిన శాఖవారు. నెదర్లాండ్సు ప్రాంతీయుడైన మెన్నో సైమన్సును బట్టి వారికాపేరు వచ్చినది. శిశువులకు బాప్తిస్మమీయరు, ఆయుధము పట్టరు. ఈ రెండు నియమములవలన వారికి రాజుల అనుగ్రహము నిలువలేదు. ప్రష్యాకును, 18వ శతాబ్ది చివర దక్షిణ రష్యాకును, 1870 తరువాత వేలకొలదిగా అమెరికాకును తరలిపోయిరి. ఇల్లు విడిచిపోవువాడు బైబిలును తప్పక పెట్టెలో పెట్టుకొనును. జాబుల కట్టకు చోటు మిగులునో లేదో!

1889లో అబ్రహాము ఫ్రీసెను, ఆయన భార్య మరియ రష్యా సామ్రాజ్యమునుండి బయలుదేరి మనదేశమునకు వచ్చి, నైజాము రాజ్యములోని నల్లగొండలో స్థిరపడిరి. వారు మెన్నొనైట్ బ్రదరెన్ శాఖవారు. వారి స్వస్థలము నేటి ఉక్రెయినులో నున్నది. పనిచేసినది అమెరికన్ బాప్టిస్టుల యాజమాన్యము క్రింద, ధనసహాయము వచ్చినది రష్యాలోని సహోదర సంఘములనుండి, వ్రాసినది జర్మను, బోధించినది తెలుగు. కావున వారి కథ ఒక్క దేశపు బీరువాలో దొరకదు.

రష్యాలోని కాగితముల గతి విచిత్రమైనది. 1917 విప్లవ కాలమున పీటర్ బ్రౌను అను ఉపాధ్యాయుడు మొలోచ్నా గ్రామములలోని పాత పత్రములను సేకరించుటకు పూనుకొనెను. ఒకవంక అంతర్యుద్ధము, ఊళ్ళమీద దోపిడి. ఇంకొకవంక ఆయన కట్టలు కట్టి పేర్లు వ్రాయుచుండెను. 1929లో సోవియట్ అధికారులు ఆ భాండారమును స్వాధీనపరచుకొనిరి. అది నశించినదనియే చాలమంది తలచిరి. 1990లో, అరువదేండ్లకు, ఒడెస్సా ప్రభుత్వ పత్రాగారములో బయటపడినది. లక్షకు పైబడిన పుటలు! వ్యవసాయ సంస్కర్తయైన యోహాను కార్నీసు జాబులును అందున్నవి. జప్తు చేసినవారే దానిని కాపాడినవారైరి. ఇండ్లలోనే ఉండినచో రెండవ ప్రపంచయుద్ధపు మంటలలో ఎన్ని మిగిలెడివో!

అమెరికాలోని శాఖవారు 1899 మొదలుకొని తెలుగుదేశమునకు తమ మనుష్యులను పంపిరి. నాగర్‌కర్నూలు, షంషాబాదు, దేవరకొండ, మహబూబ్‌నగరము వారికి కేంద్రములైనవి. డాక్టరు క్యాథరినా షెల్లెన్‌బర్గు 1907లో వచ్చి, 1945లో షంషాబాదులోనే మరణించెను. ఆమె అవివాహిత. అట్టి స్త్రీల కాగితములకే ఎక్కువ ప్రమాదము, పెట్టెకు వారసులుండరు. వారసులున్నచోట వేరొక చిక్కు. తాతగారు వ్రాసిన పాత జర్మను చేతివ్రాతను మనుమడు చదువలేడు. చదువలేని కాగితము చెత్తగా తోచును.

ఫ్రెస్నో, హిల్స్‌బరో, విన్నిపెగు నగరములలో ఈ శాఖవారి చరిత్ర కేంద్రములున్నవి. ఇట్టి పత్రాగారములలో చేయు పని పైకి స్వల్పముగా కనబడును. తుప్పుపట్టిన గుండుసూదులు తీయుదురు; ఆమ్లము లేని కాగితపు పొరలలో జాబులనుంచుదురు. మూలక్రమమును మాత్రము చెడగొట్టరు. ఏ జాబు ప్రక్కన ఏ రసీదుండెనో అదియు ఒక సాక్ష్యమే. 1932లో షంషాబాదులో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు పాల్ హీబర్టు, కొండూరు అను పల్లెను గూర్చి 1971లో గ్రంథము ప్రకటించెను. అట్టి పండితుల క్షేత్రలేఖనములలో ఊరివారి అప్పులు, కక్షలు, కులపు తగాదాలు ఉండును. అట్టివానిని ఎప్పుడు, ఎవరికి చూపవచ్చునన్నది న్యాయముగా ఆ ఊరివారిని కూడ అడుగవలసిన ప్రశ్న.

జాబునకు రెండు కొనలుండును. నివేదికలో 'ఒక దేశీయ బోధకుడు' అని పోవు మనుష్యునకు దినచర్యలో పేరుండును. ఆయనకు దొర వ్రాసిన జవాబు ఆయన ఇంటనే ఉండును. సముద్రమవతలి సగము ఇనుప బీరువాలలో భద్రముగా నున్నది. ఇవతలి సగము, మిగిలియున్నచో, పాస్టర్ల, బైబిలు స్త్రీల, కాంపౌండర్ల ఇండ్లలోని రేకు పెట్టెలలో చెదలకు అందుబాటులో నుండును. అట్టి పెట్టెగలవారు చినిగిన జాబునకు జిగురు కాగితమంటింపరాదు, ఎండలో పరువరాదు. పాత ఛాయాపటములో ఎవరెవరున్నారో ఎరిగిన పెద్దలు ఇంట నుండగనే, వారినడిగి వెనుకవైపున మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయవలెను. సిరా పనికిరాదు, అది ముఖములమీదికి దిగును.