నిజాం పిలుపు కోసం

1902 తొలి నెలలు. హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్‌ రాజా దీన్‌దయాళ్‌ ఇంట ఇద్దరు అన్నదమ్ములు అతిథులుగా దిగారు. పెద్దాయన చిత్రకారుడు రవివర్మ. యాభై మూడేళ్లు. తమ్ముడు రాజరాజవర్మ కూడా చిత్రకారుడే. జరిగిందల్లా డైరీలో రాసుకుంటారు. వచ్చిన పని ఒక్కటే: నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ కొలువు నుంచి చిత్రాలకు పిలుపు రావాలి.

రోజులు వారాలవుతున్నాయి. కబురు లేదు.

అలా కాచుకు కూర్చున్నాయన అనామకుడేం కాదు. 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి కొట్టారు. 1893లో షికాగోకు పది చిత్రాలు పంపి పతకాలు గెలిచారు. పాట పాడుకుంటూ అడుక్కునే సంచార కుటుంబం, బిడ్డనెత్తుకుని నాన్న రాక కోసం చూసే తల్లి... రోజువారీ బతుకూ ఆయన కుంచెకు ఎక్కింది.

కానీ ఒక్కో నూనెరంగుల చిత్రం ఒక్కో సంస్థానం గోడకే పరిమితం. అచ్చు వేయిస్తే ఊరూరా చేరతాయని మాజీ దివాన్‌ టి. మాధవరావు 1884లోనే ఉత్తరం రాశారు. పదేళ్లకు, 1894లో, బొంబాయిలో రవివర్మ లిథోగ్రఫీ ప్రెస్‌ మొదలైంది. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు.

అదో ఓపిక పని. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీయాలి. రాయి తడిపితే గీత లేనిచోట నీరు నిలుస్తుంది. రంగు గీతకే పట్టుకుంటుంది. చీర ఎరుపుకో రాయి, ఒంటి ఛాయకో రాయి. కాగితం వెంట్రుకవాసి జరిగినా లక్ష్మీదేవి కనుపాప పక్కకు పోతుంది.

ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి. లోనావ్లా దగ్గరి మళవ్లీకి మార్చినా ప్రెస్‌ నిలదొక్కుకోలేదు. చివరికి జర్మన్‌ నిపుణుడు ఫ్రిట్జ్‌ ష్లైషర్‌కు అమ్మేయాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లోనూ ఆశించిన పని దొరకలేదు. అన్నదమ్ములు వెనుదిరిగారు. 1906 అక్టోబర్‌ 2న రవివర్మ కన్నుమూశారు.

మేడ్చల్‌, శామీర్‌పేట వైపు ఏ కిరాణా కొట్టు క్యాలెండర్‌ చూసినా, తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మిలో రవివర్మ అచ్చు పటం పోలికే. సొంతదారుకు నష్టాలే మిగిల్చిన ఆ రాళ్లు, సంస్థానాధీశులెవరూ ఇవ్వలేనంతమంది కొనుగోలుదారులను ఆయనకు సంపాదించి పెట్టాయి.