ఆదేశం ఎక్కడివరకు చెల్లుతుంది? అపాచీ సర్వర్ అమరికల కథ

1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘం పన్నులకు ఒప్పుకోక, ఊరు విడిచి, సంఘం హద్దులకు అవతల రామనగర్ అనే పేరుతో పాకలు వేసుకొన్న ఘట్టం మీరు చదివే ఉంటారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జరిగిన ఆ ఉద్యమం నాటికి చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. పన్ను ఉత్తర్వు రద్దు కాలేదు, అది చెల్లే పరిధిని జనం దాటిపోయారు. వెబ్ సర్వర్‌లో మీరు రాసిన ఆదేశం పనిచేయకపోతే మొదట అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: ఇది ఏ హద్దులో ఉంది? పోలిక ఇంతవరకే.

ఈ హద్దులు ఎందుకు వచ్చాయో చూడండి. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ ఒక వెబ్ సర్వర్ రాశాడు. విశ్వవిద్యాలయపు యంత్రం ఒకటే, దానిలో పుటలు పెట్టేవారు అనేకులు. ప్రతివారికీ ముఖ్య అమరిక ఫైలును అప్పగించలేరు. అందుకే ఎవరి ఫోల్డర్‌లో వారు చిన్న ఫైలు పెట్టుకొని, ఆ ఫోల్డర్‌కు, దాని లోపలి ఫోల్డర్లకు మాత్రమే నియమాలు రాసుకొనే వీలు కల్పించారు. అదే డాట్ హెచ్‌టీ యాక్సెస్ ఫైలు. మెక్‌కూల్ ఆ కేంద్రాన్ని వదిలాక, ఆ సర్వర్‌కు ఎవరికి వారు చేసుకొన్న సవరణలను కలిపి 1995లో అపాచీని తయారుచేసినవారు ఈ ఏర్పాటును అలాగే ఉంచారు.

అయితే చిన్న ఫైలుకు ఎంత అధికారం ఉండాలో ముఖ్య ఫైలులోని అలో ఓవర్‌రైడ్ అనే ఆదేశం నిర్ణయిస్తుంది. మొదట్లో, ఏమీ రాయకపోతే, అన్నీ అనుమతించినట్లే. 2012లో వచ్చిన 2.4 సంచికలో అది తిరగబడింది: ఏమీ రాయకపోతే ఏదీ అనుమతించనట్లే. దీని ప్రమాదాన్ని గమనించండి. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ దుకాణం లెక్కల ఫోల్డర్‌కు సంకేతపదం కాపలా ఆ చిన్న ఫైలులోనే ఉందనుకోండి. సర్వర్‌ను కొత్త సంచికకు మార్చి, ముఖ్య ఫైలులో అనుమతి రాయకపోతే, సర్వర్ చిన్న ఫైలును తెరిచి కూడా చూడదు. తప్పు చూపదు. రైతుల బాకీలు ఎవరికైనా కనిపిస్తాయి.

దీన్ని కనిపెట్టే ఉపాయం మోటుగా ఉన్నా నమ్మదగినది. చిన్న ఫైలులో అర్థంలేని పంక్తి ఒకటి రాసి పుటను తెరవండి. 500 అనే తప్పు వస్తే సర్వర్ ఆ ఫైలును చదువుతోంది. పుట మామూలుగా తెరుచుకొంటే చదవడం లేదు. ఆ పంక్తిని తర్వాత తీసేయడం మరవకండి.

ఫైలు చదువుతున్నా ఫలితం లేకపోతే వరుస చూడాలి. డైరెక్టరీ విభాగాలు, చిన్న ఫైళ్లు ముందు, ఫైల్స్ విభాగం తరువాత, లొకేషన్ విభాగం ఇంకా తరువాత అమలవుతాయి. అంటే లొకేషన్‌లో రాసినది డైరెక్టరీలో రాసినదాన్ని కొట్టివేయగలదు. అలాగని కాపలాను లొకేషన్‌లో పెట్టకండి. అది చిరునామాను చూస్తుంది గాని డిస్కు మీది ఫోల్డర్‌ను కాదు. అదే ఫోల్డర్‌కు మరో చిరునామా దారి ఉంటే లెక్కలు ఆ దారిన బయటపడతాయి. ఫోల్డర్‌ను కాయవలసినది డైరెక్టరీ విభాగమే.