మంచు బరిలో రెండో రాక: ఐస్ హాకీలో విరమణానంతర పునరాగమనాలు

ఐస్ హాకీలో ఒకసారి విరమించిన ఆటగాడు మళ్లీ బరిలోకి దిగి పూర్వస్థాయిని అందుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే ముందు ఆ ఆట శరీరాన్ని ఎలా వాడుకుంటుందో తెలియాలి. జట్టుకు ఐదుగురు స్కేటర్లు, ఒక గోల్‌కీపర్ చొప్పున బరిలో ఉంటారు; 20 నిమిషాల పీరియడ్లు మూడు ఆడతారు; అయితే ఏ స్కేటరూ ఏకధాటిగా ఆడడు. షిఫ్ట్ అనే చిన్న విడతలో, సాధారణంగా నిమిషంలోపే, ఉన్న శక్తినంతా ధారపోసి బెంచీకి చేరుకుంటాడు, అతని స్థానంలోకి మరొకడు దూకుతాడు. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల కోసం శరీరాలు ఢీకొనడాన్ని నిబంధనలే అనుమతిస్తాయి కనుక నడుము, తుంటి, మణికట్టు తొందరగా అరిగిపోతాయి. అందుకే నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, విరమణను చాలాకాలం తిరుగులేని నిర్ణయంగానే చూశారు. హాల్ ఆఫ్ ఫేమ్, అనగా దిగ్గజాల గౌరవ పీఠం, ఆట మానేసిన మూడేళ్లకు గానీ ఎవరినీ చేర్చుకోకూడదని నియమం పెట్టుకోవడంలోనూ ఆ భావనే కనిపిస్తుంది. ఆ పీఠం ఎక్కిన తర్వాత కూడా తిరిగి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవారు ముగ్గురే: గోర్డీ హౌ, గై లఫ్లూర్, మారియో లెమ్యూ.

వీరిలో మొదటివాడైన హౌ డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుకు 1946 నుంచి 1971 వరకు పాతిక సీజన్లు ఆడి, మణికట్టు కీళ్లనొప్పితో తప్పుకున్నాడు. మరుసటి ఏడాదే, మూడేళ్ల నిరీక్షణను సడలించి మరీ, అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. డెట్రాయిట్ యాజమాన్యం అతనికి కార్యాలయంలో ఒక హోదా ఇచ్చింది గానీ చేతికి పని ఇవ్వలేదు. ఆ అసంతృప్తి ఒక్కటే అతన్ని తిరిగి మంచు మీదికి తెచ్చేది కాదు. 1972లో వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే పోటీ లీగ్ ఆటలు మొదలుపెట్టి, పేరున్న ఆటగాళ్ల కోసం డబ్బు కుమ్మరించడంతో దారి తెరుచుకుంది. 1973లో హ్యూస్టన్ ఏరోస్ జట్టు హౌ కుమారులు మార్టీ, మార్క్‌లతో పాటు తండ్రినీ తీసుకుంది. మణికట్టుకు శస్త్రచికిత్స చేయించుకుని, 45 ఏళ్ల వయసులో, కన్నకొడుకుల పక్కన ఆడిన ఆ తొలి సీజన్‌లో అతను 31 గోల్స్ చేసి, 69 అసిస్టులు అందించాడు. అసిస్టు అంటే గోల్‌కు దారితీసిన పాస్. గోల్‌కు ఒకటి, అసిస్టుకు ఒకటి చొప్పున లెక్కిస్తే వచ్చేవే పాయింట్లు. అలా 100 పాయింట్లు సాధించి లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. 1979లో ఆ లీగ్ మూతపడి నాలుగు జట్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో కలిసినప్పుడు హార్ట్‌ఫర్డ్ వేలర్స్ జట్టుతో తాను వదిలివచ్చిన లీగ్‌కే తిరిగివచ్చి, ఆ సీజన్‌లోని 80 మ్యాచ్‌లూ ఆడి 15 గోల్స్ చేశాడు. అప్పటికి అతని వయసు 51. సీజన్ ముగిసేలోగా 52 నిండాయి.

లఫ్లూర్ కథలో వయసు కంటే ఆత్మాభిమానం పాత్ర ఎక్కువ. వరుసగా ఆరు సీజన్లలో 50కి తగ్గకుండా గోల్స్ చేసి, మాంట్రియల్ కెనడియన్స్‌కు ఐదు స్టాన్లీ కప్పులు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ విజేత ట్రోఫీలు, తెచ్చిన జట్టులో ముఖ్యుడైన అతను 1984లో అర్ధాంతరంగా ఆట మానేశాడు. తనతో ఒకప్పుడు భుజం కలిపి ఆడిన జాక్ లెమేర్ శిక్షకుడై, రక్షణకే పెద్దపీట వేసే పద్ధతిని తేవడం, అందులో తనకు బరిలో దక్కే సమయం తగ్గిపోవడం అతను సహించలేకపోయాడు. 1988లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన ఏడాదే న్యూయార్క్ రేంజర్స్ శిబిరంలో కొత్తవాడిలా పరీక్షకు నిలబడి చోటు సంపాదించాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ చేశాడు. 1989 ఫిబ్రవరిలో మాంట్రియల్ ఫోరంలో, తన పాత జట్టు మీద, ప్యాట్రిక్ రువా అంతటి గోల్‌కీపర్‌ను తప్పించి రెండు గోల్స్ కొట్టినప్పుడు ప్రత్యర్థి జట్టు అభిమానులే జేజేలు పలికారు. తర్వాత క్వెబెక్ నార్డిక్స్‌కు రెండు సీజన్లు ఆడి 1991లో శాశ్వతంగా విరమించాడు.

ఈ పరంపర లెమ్యూతో కొత్త మలుపు తీసుకుంది. 1984లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌లో చేరి, 1991, 1992 సంవత్సరాల్లో ఆ జట్టుకు స్టాన్లీ కప్పులు గెలిపించిన అతన్ని నడుము నొప్పి వెంటాడింది. 1993 జనవరిలో హాడ్జ్‌కిన్స్ వ్యాధి, అంటే లసిక గ్రంథులకు వచ్చే క్యాన్సర్, బయటపడింది. రేడియేషన్ చికిత్స చివరి విడత పూర్తయిన రోజే, 1993 మార్చి 2న, విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్లి ఆ సాయంత్రం ఒక గోల్, ఒక అసిస్టు సాధించాడు. ఆ సీజన్‌లో 60 మ్యాచ్‌లే ఆడినా 160 పాయింట్లతో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. 1997లో, 31 ఏళ్లకే, తప్పుకున్నప్పుడు అతను చెప్పుకున్న బాధ శరీరానిదే కాదు. నేర్పున్న ఆటగాణ్ణి కర్రలతో, చేతులతో పట్టి ఆపుతున్నా రెఫరీలు ఉపేక్షిస్తున్నారన్న ఆవేదన కూడా అందులో ఉంది. అదే ఏడాది నిరీక్షణ లేకుండానే అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

1998లో పెంగ్విన్స్ సంస్థ దివాలా తీసింది. జట్టు బాకీ తీర్చాల్సిన అతిపెద్ద రుణదాతల వరుసలో లెమ్యూ ఉన్నాడు. వాయిదా వేసిన జీతం కింద అతనికి రావాల్సింది 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైమాటే. ఆ బకాయిలో పెద్ద భాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో అతను యజమాని అయ్యాడు. జట్టు పిట్స్‌బర్గ్‌ను వదిలి పోకుండా నిలిచింది. ఆ యజమాని 2000 డిసెంబర్‌లో తానే ఆడతానని ప్రకటించాడు. డిసెంబర్ 27న, టొరంటో మేపుల్ లీఫ్స్‌తో మ్యాచ్‌కు ముందు, పెంగ్విన్స్ సొంత బరి అయిన మెలన్ అరీనా పైకప్పుకు వేలాడుతున్న అతని 66వ నంబరు పతాకాన్ని, ఇక ఆ నంబరును ఎవరూ ధరించరని తెలిపే గుర్తును, కిందికి దించారు. ఆట మొదలైన 33 సెకన్లకే అతని పాస్‌ను సహచరుడు జారోమిర్ యాగర్ గోల్‌గా మలిచాడు. రెండో పీరియడ్‌లో అతనే గోల్ కొట్టాడు. ఒక గోల్, రెండు అసిస్టులు. పిట్స్‌బర్గ్ 5–0తో గెలిచింది. ఆ మ్యాచ్‌తో కలిపి ఆ సీజన్‌లో ఆడిన 43 మ్యాచ్‌లలో 35 గోల్స్, 41 అసిస్టులు సాధించగా, జట్టు తూర్పు విభాగం ఫైనల్ వరకు వెళ్లింది.

అయితే లెమ్యూ పునరాగమనాన్ని ఆ ఒక్క సీజన్‌తోనే కొలిస్తే సగమే తెలుస్తుంది. మొదటి విడత 745 మ్యాచ్‌లలో 613 గోల్స్, 881 అసిస్టులు చేసినవాడు, రెండో విడత 170 మ్యాచ్‌లలో 77 గోల్స్, 152 అసిస్టులు చేశాడు. తొలి 43 మ్యాచ్‌లను పక్కన పెడితే, మిగిలిన 127 మ్యాచ్‌లలో గోల్స్ 42 మాత్రమే, అసిస్టులు 111. తుంటి గాయంతో వేగం తగ్గినకొద్దీ అతను గోల్ ముందుకు దూసుకుపోవడం మాని, పక్‌ను అట్టిపెట్టుకుని తోటివాడు ఖాళీ దొరికించుకునే వరకు నిలవడం మీద ఆధారపడ్డాడు. 67 మ్యాచ్‌లలో 63 అసిస్టులు అందించిన 2002–03 సీజన్ ఆ మార్పుకు తిరుగులేని సాక్ష్యం. 45 ఏళ్ల హౌ వంద పాయింట్లలోనూ అసిస్టులే మూడింట రెండు వంతులకు పైగా ఉండటం గమనిస్తే, తిరిగివచ్చి నిలబడినవారు వదిలి వెళ్లిన ఆటనే మళ్లీ ఆడలేదనీ, ఉన్న శరీరానికి తగిన మరో ఆటను కట్టుకున్నారనీ స్పష్టమవుతుంది. ఆ లెమ్యూయే 2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా, యాభై ఏళ్ల తర్వాత కెనడా పురుషుల జట్టుకు స్వర్ణం అందించాడు. గుండె లయ తప్పడంతో 2006 జనవరి 24న, 915 మ్యాచ్‌లలో 1,723 పాయింట్ల వద్ద, చివరిసారి విరమించాడు.

లెమ్యూ పునరాగమనం తర్వాత ఇతరులు చేసిన యత్నాలు ఒక్క తీరున సాగలేదు. డెట్రాయిట్‌తో 2002లో కప్పు గెలిచి విరమించిన చెక్ గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్ మరుసటి ఏడాదే తిరిగివచ్చి, 2008లో అదే జట్టుతో మరో కప్పు అందుకున్నాడు. షిఫ్టుల వెంట పరుగెత్తాల్సిన అగత్యం లేని గోల్‌కీపర్ స్థానం అతనికి కలిసొచ్చిందనుకోవచ్చు. స్వీడన్‌కు చెందిన పీటర్ ఫోర్స్‌బర్గ్‌కు ఆ వెసులుబాటు లేదు. పాదం సమస్యతో ఏళ్ల తరబడి సతమతమైన అతను 2011 ఫిబ్రవరిలో కొలరాడో అవలాంచ్ తరఫున మళ్లీ ఆడాడు. రెండు మ్యాచ్‌ల తర్వాత, కాలు సహకరించదని తేలడంతో, ఆట మానుకున్నాడు.